వల్లెవేసినంతనే ప్రోగ్రామింగు వచ్చునా?

పటమట యొకప్పుడు బెజవాడకు వెలుపలి గ్రామము. నేడది నగరములో నంతర్భాగము. ఒక ప్రక్క జవహర్ ఆటోనగరు, మరియొక ప్రక్క కానూరు కళాశాలలు. నడుమ బందరు రోడ్డు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు ప్రాంతముల రైతుబిడ్డలు చదువుకై యిచ్చట అద్దెగదులలో నుండుట సామాన్యము. 1977లో కానూరున సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసిన నాటినుండి డెల్టా కుటుంబములకు ఇంజనీరింగు చదువు చేరువయైనది. నేడు కంప్యూటరు శాఖలో సీటు వచ్చినదనిన, పెండ్లిసంబంధము కుదిరినంత సంతోషముతో ఇరుగుపొరుగువారికి చెప్పుకొనుచున్నారు. ఆ సీటుకై ఎకరమో అరయెకరమో అమ్మిన తండ్రులును మనలో లేకపోలేదు.

అయితే సీటు వచ్చుట వేరు, విద్య వచ్చుట వేరు. మేము విచారింపదలచినది రెండవదానిని గూర్చి. ఆబ్జెక్టు ఓరియెంటెడు ప్రోగ్రామింగు అను పద్ధతి, అనగా వస్తువులను ప్రధానముగా గొని ప్రోగ్రాము వ్రాయు విధానము, కంప్యూటరు విద్యార్థికి నేడు తప్పని మెట్టు. మన ప్రాంతపు కళాశాలలలో సాధారణముగా తొలి యేట సీ భాషను, రెండవ యేట జావా ద్వారా ఈ పద్ధతిని బోధించుచున్నారు. కంప్యూటరు విషయమున ఓనమాలైనను రాని పిల్లవాడు ఈ మెట్టు నెక్కునదెట్లు? అతడు తొట్రుపడినచో తప్పు అతనిదా, బోధనదా? బోధనదే యని మా నిశ్చితాభిప్రాయము.

దీనికి నిదర్శనము దూరమున లేదు. రెండవ యేటి విద్యార్థి నొక్కని పిలిచి, ఎన్‌క్యాప్సులేషను అనగా నేమని ప్రశ్నింపుడు. తడుముకొనక ఆంగ్లనిర్వచనము నొప్పచెప్పును. ఇన్‌హెరిటెన్సు ఎన్ని విధములని యడుగుడు. వ్రేళ్లు మడచి లెక్కించును. పిమ్మట, "నాయనా, మన ధాన్యపు బస్తాల లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసిపెట్టుము" అని కోరుడు. తల వంచుకొనును. ఈ మౌనమును మేము పలు ఇండ్లలో చూచితిమి. పిల్లవాడు మందబుద్ధియు కాడు, సోమరియు కాడు. నిర్వచనమునకు మార్కులు వచ్చుచున్నవి. ప్రోగ్రామునకు తోటివాని రికార్డు చూచి వ్రాసిన నకలు చాలుచున్నది. ఏది యడిగిరో దానినే అతడు నేర్చినాడు. గట్టున కూర్చుండి ఈతను గూర్చి పాఠము వినినవాడు బందరు కాలువలో దిగినపుడు ఏమగునో ఇతడును అట్లే యగుచున్నాడు.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో సగము భయము తీరును. నార్వే దేశపు రాజధాని ఆస్లోలో క్రిస్టెన్ నైగార్డు, ఒలే యోహాన్ డాల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1960ల దశాబ్దమున సిమ్యులా అను కంప్యూటరు భాషను నిర్మించిరి. లోకములో జరుగు వ్యవహారములను కంప్యూటరులో అనుకరించి చూచుట వారి యుద్దేశము. 1967నాటి సిమ్యులాలో క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వము అను భావములు రూపు దాల్చినవి. వారికి ఈ యోచన దొరకిన సందర్భములలో నొకటి వినినచో పటమటవారు చిరునవ్వు నవ్వక మానరు: వంతెనమీద సుంకపు గేటువద్ద వరుసగా నిలిచిన వాహనములు. అందు లారీలు కలవు, బస్సులు కలవు. అన్నియు వాహనములే; అన్నియు వరుసలో నిలువవలసినవే; అయినను లారీ లారీయే, బస్సు బస్సే. ఈ సామ్యమును, ఈ భేదమును ఒకేసారి చెప్పుట యెట్లను ప్రశ్నకు సమాధానముగా ఈ విద్య పుట్టినది. గుంటూరు దారిలో కాజ టోలుగేటు చూచినవారికెల్ల ఈ ప్రశ్న యర్థమగును.

తరువాతి కథ సుప్రసిద్ధము. 1970లలో అమెరికాలోని జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున ఆలన్ కే, ఆయన సహచరులును స్మాల్‌టాకు అను భాషను నిర్మించి చిన్నపిల్లలచేత సైతము ప్రోగ్రాములు వ్రాయించిరి. 1979లో బ్యార్నే స్ట్రౌస్ట్రప్ బెల్ లేబరేటరీసులో ప్రారంభించిన కృషి 1983లో సీ ప్లస్ ప్లస్ అను పేరు పొందినది. 1991లో పైథాను, 1995లో జావా లోకమునకు వచ్చినవి. డాల్, నైగార్డు లిరువురికి 2001వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము లభించినది. పిల్లలకు పనికివచ్చునని నిర్మాతలే నమ్మిన విద్యను మనము పెద్దలకు సైతము కొరుకుడుపడని పాషాణపాకముగా మార్చితిమి!

సుంకపుగేటునుండి ఆటోనగరునకు వత్తము. లారీల లెక్క వ్రాయదలచిన విద్యార్థి యొకడు కలడనుకొందము. అతనికి క్లాసు అను మాట యింకను తెలియదు. అతడు నాలుగు జాబితాలు వ్రాసికొనును: ఒకదానిలో లారీ నంబర్లు, రెండవదానిలో యజమానుల పేర్లు, మూడవదానిలో తిరిగిన కిలోమీటర్లు, నాలుగవదానిలో సరకు. వారము దినములు అంతయు సవ్యముగా సాగును. ఒకనాడు ఒక లారీ అమ్ముడుపోవును. మూడు జాబితాలలో దానిని కొట్టివేసి, నాలుగవదానిలో మరచును. అంతటితో ఒకరి సరకు మరియొకరి పేర చేరును. తిరిగిన కిలోమీటర్లు ఒక బండివి, సరకు వేరొక బండిది. ఈ చిక్కు తనకే కలిగిన విద్యార్థి, "ఒక లారీకి సంబంధించిన వివరములన్నియు ఒకేచోట కట్టిపెట్టు నుపాయము లేదా?" యని తానే ప్రశ్నించును. ఆ ప్రశ్న అతని నోట వచ్చిన క్షణమే ఆబ్జెక్టును బోధించుటకు తగిన ముహూర్తము. అంతకు పూర్వము చెప్పినది చెవిటివానిముందు శంఖమే.

క్లాసు అనగా మేస్త్రీ కాగితముపై గీసిన బాడీ నమూనా. దానిమీద బస్తా నొక్కదానిని వేయలేము. ఆబ్జెక్టు అనగా ఆ నమూనా ననుసరించి షెడ్డులో తయారై రోడ్డెక్కిన లారీ. నమూనా యొక్కటే, లారీలు పది. ప్రతి లారీకి తన నంబరు, తన యజమాని, తన సరకు వేరువేరు. వివరములేగాక తాను చేయవలసిన పనులును లారీతోనే యుండును: సరకెక్కించుకొనుట, దింపుట, తిరిగిన దూరము చెప్పుట. వివరములు, పనులు ఒకే మూటగా నుండుటయే ఈ పద్ధతికి ప్రాణము.

ఎన్‌క్యాప్సులేషను అను మాటకు మన రైతులకు నిఘంటువు అక్కరలేదు. ప్రకాశం బ్యారేజీనుండి వచ్చు నీటితో డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరములు సాగగుచున్నవి. పొలమునకు నీరు కావలసిన రైతు లష్కరు నడుగవలెనే గాని, తూము షట్టరును తానే యెత్తరాదు. ఎవరికి వారే ఎత్తుకొనినచో శివారు భూములు ఎండును. ఎవరు ఎప్పుడెత్తిరో తెలియక తగవులు పుట్టును. ప్రోగ్రాములోను అంతే. లారీలోని సరకు తూకమును ప్రోగ్రాములోని ప్రతి మూలనుండి దిద్దనిచ్చినచో లెక్క తప్పిననాడు తప్పెచ్చట జరిగినదో కనుగొనుట దుర్లభము. "సరకెక్కించు" అను నొక్క ద్వారమునే యుంచి, ఆ ద్వారమువద్ద పరిమితిని మించిన బరువును నిరాకరించినచో తప్పు లోపలికి రాజాలదు. నిర్వచనము కంఠస్థము చేసినవానికంటె నీటితగవు కన్నులార చూచినవానికి ఈ సూత్రము ముందుగా బోధపడును.

వారసత్వమును, పాలిమార్ఫిజమను బహురూపతను కలిపి చెప్పుట మేలు. టిప్పరు, ట్యాంకరు, మామూలు సరకులారీ మూడును లారీలే. నంబరు, యజమాని, దూరము అనునవి మూడింటికి సమానము. వానిని ఒక్కసారి లారీ క్లాసులో వ్రాసినచో మూడును వారసత్వముగా పొందును. ఇప్పుడు మూడింటికి "సరకు దింపుము" అని ఒకే యాజ్ఞ యిత్తము. టిప్పరు తొట్టి నెత్తి కుమ్మరించును. ట్యాంకరు వాల్వు తెరచి వదలును. మామూలు లారీ వెనుక తలుపు దించి హమాలీలకొరకు వేచియుండును. ఆజ్ఞ యొక్కటే, నిర్వహణము ఎవరిది వారిది. ఆజ్ఞ నిచ్చువాడు ఎదుట నున్నది ఏ రకపు లారీయో విచారింప నక్కరలేదు. రేపు నాలుగవ రకపు లారీ వచ్చినను అతని ప్రోగ్రాములో అక్షరము మార్చనక్కరలేదు. ఇదియే ఈ విద్యలోని లాభము. ఇది బోధపడినవాడు పరీక్షలో నిర్వచనమును తన మాటలలో వ్రాయగలడు. నిర్వచనము మాత్రమే వచ్చినవాడు లారీని వ్రాయలేడు.

క్రొత్తవారు పడు పొరపాట్లనుగూడ దాపరికము లేక ముందే చెప్పవలెను. మొదటిది: లారీకి వేరువేరుగా నుండవలసిన దానిని నమూనాలో నుంచుట. పైథానులో సరకుల జాబితాను క్లాసులోనే పెట్టి, ఆ జాబితాకే సరకు చేర్చుచు పోయినచో ఒక లారీలో వేసిన ధాన్యము అన్ని లారీలలోను కనబడును. ఇది దయ్యముల పని కాదు. జాబితా యొక్కటే, అందరును దానినే చూచుచున్నారు. రెండవది: నకలును గూర్చిన భ్రమ. ఒక ఆబ్జెక్టుకు రెండవ పేరు పెట్టినంతమాత్రమున రెండవ ఆబ్జెక్టు పుట్టదు. పట్టాదారు పాసుపుస్తకమునకు జిరాక్సు తీయించినచో భూమి రెట్టింపగునా? ఏ పేరుతో పిలిచి మార్చినను మారునది ఆ యొక్క వస్తువే. మూడవది: వారసత్వముపై మితిమీరిన మోజు. లారీకి ఇంజను కలదు. అంతమాత్రమున లారీ ఇంజనుజాతిది కాదు. "ఇది యదియే" అనుటకును, "దీనికి అది కలదు" అనుటకును భేదము తెలియవలెను. ఆటోనగరులో ఛాసీపై బాడీని బిగించునట్లు చిన్న ఆబ్జెక్టులను కూర్చి పెద్దదానిని నిర్మించుటయే చాలచోట్ల శ్రేయస్కరమని, 1994లో డిజైన్ ప్యాటర్న్స్ అను గ్రంథమును వెలువరించిన నలుగురు నిపుణులును బోధించిరి. మన ప్రశ్నపత్రములు మాత్రము వారసత్వపు రకముల నింకను లెక్కపెట్టించుచున్నవి.

ఇక క్రమమును గూర్చి. ఏమియు తెలియనివాడు నేరుగా క్లాసుతో మొదలుపెట్టరాదు. విలువను ఒక పేరుతో దాచుట, షరతు చూచుట, పనిని మరల మరల చేయించుట, చిన్న పనిని ఫంక్షనుగా విడదీయుట, ఈ నాలుగింటిని నెల రెండు నెలలు చేతితో చేసి, తప్పులు దిద్దుకొనినవానికే క్లాసు ప్రయోజనము తెలియును. జావాలో చిరకాలము ఒక్క మాటను తెరపై చూపుటకు సైతము క్లాసు నొకదానిని కట్టి, పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అను నర్థము తెలియని మంత్రాక్షరములను వ్రాయవలసి వచ్చెడిది. "ఇప్పుడు వ్రాయుము, తరువాత తెలియును" అని గురువు చెప్పెడివాడు. ఆ తరువాత పలువురికి ఎన్నడును రాలేదు. 2025 సెప్టెంబరులో వెలువడిన జావా 25లో ఈ నిర్బంధమును సడలించి, క్రొత్తవారు క్లాసు ప్రకటింపకయే చిన్న ప్రోగ్రాము వ్రాయు వీలు కల్పించిరి. భాషా నిర్మాతలే ముప్పదియేండ్లకు ఒప్పుకొని దిద్దుకొనిన లోపమును మన పాఠ్యక్రమములు పట్టుకొని వ్రేలాడుట తగునా?

భాషను గూర్చి ఒక మాట. పదవతరగతివరకు తెలుగులో చదివిన బాలుడు కళాశాలలో అడుగిడినంతనే రెండు బరువుల నెత్తవలసి వచ్చుచున్నది: ఒకటి క్రొత్త విద్య, రెండవది ఆంగ్లము. విద్య యర్థము కాలేదో, ఆంగ్లము కాలేదో అతనికే తెలియదు; తాను తెలివిలేనివాడనని నిశ్చయించుకొనును. ఇంతకంటె క్రూరమైన నష్టము లేదు. నిజమునకు పైథానులో ప్రత్యేకముగా కేటాయించిన ఆంగ్లపదములు 35 మాత్రమే. తక్కిన పేర్లన్నియు వ్రాయువాని యిష్టము. పైథాను మూడవ తరము వెలువడిన 2008 నుండియు ఆ పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును, జావాయు అనుమతించును. క్లాసునకు లారీ అని, దాని పనికి దింపు అని తెలుగులో వ్రాసినను కంప్యూటరు కాదనదు. ఆబ్జెక్టు తన్ను తాను సంబోధించుకొను చోట పైథానువారు సెల్ఫ్ అని వ్రాయుట ఆచారమేగాని నియమము కాదు; అచ్చట "తాను" అని వ్రాసినను ప్రోగ్రాము నడచును. సెల్ఫ్ అనగా నేమో తెలియక నెలలు తికమకపడిన విద్యార్థికి "తాను" అను ఒక్క మాట చాలును.

దీనిపై ఒక యాక్షేపణ వచ్చును. ఉద్యోగము ఆంగ్లములో నున్నప్పుడు తెలుగులో నేర్చి లాభమేమని. ఉద్యోగపు ప్రోగ్రామును ఆంగ్లనామములతోనే వ్రాయవలెను. అందు వివాదము లేదు. పలు దేశములవారు చదువవలసిన దానికి అదియే మర్యాద. మేము కోరునది తొలి మూడు నెలల యవగాహన మాతృభాషలో కలుగవలెననియే. అర్థమైన విషయమునకు ఆంగ్లనామము నేర్చుట ఒక పూట పని. ఆంగ్లనామము నేర్చి అర్థమునకై వెదకుట నాలుగేండ్లైనను తీరని పని.

రెండవ యాక్షేపణ నేటి కాలపుది. కృత్రిమమేధ అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచుండగా మనవాడు నేర్వవలసిన దేమున్నది? క్యాలిక్యులేటరు వచ్చిన తరువాతను ధాన్యపు వ్యాపారి నోటిలెక్క మానలేదు. యంత్రము వ్రాసిన ప్రోగ్రాములో రెండు లారీల సరకు ఒకటిగా కలిసిపోయిన, దానిని పట్టుకొనువాడు కావలెను. ఏమి కావలెనో స్పష్టముగా చెప్పగలవాడు కావలెను. ఏ వివరము ఎవరివద్ద నుండవలెను, ఏ పని ఎవరు చేయవలెను అని విభజించి యోచించుటయే ఈ పద్ధతి యొక్క సారము. ఆ యోచన లేనివానికి యంత్రమిచ్చిన పుటలు ఆస్తి కాదు, అప్పు. ఒప్పచెప్పు విద్యకే నేడు విలువ పోయినది. ఒప్పచెప్పుటలో యంత్రము మనకంటె ఘనము.

ఈ పద్ధతియే సర్వస్వమని మేము చెప్పుట లేదు. లైనక్సు వంటి మహానిర్మాణము క్లాసులు లేని సీ భాషలో ప్రధానముగా నడచుచున్నది. చిన్న లెక్కకు క్లాసు కట్టుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. ఏ పనికి ఏ పనిముట్టో యెరుగుట పనివాని లక్షణము.

కావున మా సూచనలు ఇవి. అధ్యాపకమహాశయులు నిర్వచనమునకు ముందు అవసరమును చూపవలెను. నాలుగు జాబితాల చిక్కులో విద్యార్థిని పడనిచ్చి, ఆ పిదప చేయి అందించవలెను. పరీక్షలో రకములను లెక్కపెట్టించుట తగ్గించి, ఇరువది పంక్తుల ప్రోగ్రామును ఎదుట వ్రాయించి, అందలి తప్పును దిద్దించవలెను. విద్యార్థులు ఐదు కోర్సులు చూచుటకు మారుగా ఒక్క ప్రోగ్రామును తుదముట్ట వ్రాయవలెను: ఇంటి కౌలులెక్కయో, పాలకేంద్రపు ఖాతాయో, వీధిచివరి షెడ్డులోని లారీల పట్టికయో. తండ్రులు ఫీజు రసీదుతో తమ బాధ్యత తీరినదని తలపక నెలకొకసారి, "ఏమి వ్రాసితివి, చూపుము" అని యడుగవలెను. చూపువానికి సంతోషము, చూపలేనివానికి హెచ్చరిక. మార్కుల పట్టిక చెప్పని సత్యమును ఆ యొక్క ప్రశ్న చెప్పును.

తుదకు ఆటోనగరు మేస్త్రీల బిడ్డలను మరువరాదు. సిమ్యులా నిర్మాతయైన నైగార్డు 1970ల తొలినాళ్లలో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘముతో కలిసి పనిచేసెను. కంప్యూటరులను గూర్చి కార్మికులే తెలిసికొని తమ మాట చెప్పుకొనగలుగవలెనని ఆయన పట్టుదల. ఛాసీ కొలిచి, బాడీ నమూనా గీసి, ఒక్క నమూనాతో పది రకముల లారీలను తీర్చు చేతులకు ఈ విద్య పరాయిది కాదు. వారు నిత్యము చేయుచున్న పనికి నార్వేవారు పేరు పెట్టిరి, అంతియే. బందరు రోడ్డున కీప్రక్క కళాశాలలు, ఆప్రక్క కర్మశాలలు నున్నవి. రెండింటి నడుమ నున్న దూరము ఎక్కువ కాదు. అధ్యాపకుడు విద్యార్థులను ఒక్కపూట అటు నడిపించినచో, ఏడాది వల్లెవేసినను అర్థముకాని పాఠము అచ్చట వెల్డింగు వెలుగులో వారికి కనబడును.